గోటి కింద పచ్చదనం

మా ఆఫీసులో నన్ను చెట్ల మాస్టారంటారు. ఇరవై రెండేళ్లుగా చెట్లను గుర్తుపట్టడమే నా ఉద్యోగం. ఏ వీధినైనా వెడల్పు చేసే ముందు నేను వెళ్లి చెట్టు చెట్టునూ చూసి రంగు వేస్తాను. ఈ నేలలో పుట్టిన జాతి అయితే తెల్ల అంకె. దానికి రోడ్డే పక్కకు జరగాలి. బయటి నుంచి తెచ్చి నాటినదో, ఎండిపోయినదో అయితే ఎర్ర ఇంటూ గుర్తు. రంపం వాళ్లకు ఆ గుర్తు చాలు, ఇంకేమీ అడగరు.

ఆ వీధిలో ఏడు చెట్లున్నాయి. ఆరింటి సంగతి అరగంటలో తేల్చేశాను. ఏడోది బట్టలు కుట్టే దుకాణం ముందుంది. ఒక్క ఆకు లేదు. బూడిదరంగు బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది. కుంచె ఎర్ర డబ్బాలో ముంచి ఇంటూ వేశాను.

మిషను ముందు నుంచి టైలరమ్మ లేచి వచ్చింది. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. వాటిని తీసి జాకెట్టుకు గుచ్చుకుని మరీ తగువుకు దిగింది.

“అదేంటి సార్, బతికున్న చెట్టుకి గుర్తేశారు?”

“ఎండిపోయిందమ్మా.”

“ఏటా ఈ నెలలో ఇలాగే బోడిగా నిలబడుతుంది. తర్వాత చూడాలి దీని పచ్చదనం!”

“సరే, పేరు చెప్పండి, రాసుకుంటాను.”

“పేరు నాకేం తెలుసు? పద్నాలుగేళ్లుగా దీని నీడలో కూర్చుని కుడుతున్నా. లోపల రేకు కింద మధ్యాహ్నం మనిషి ఉండలేడు. ఇది పోతే దుకాణానికి తాళం వేసుకోవడమే.”

“పేరు తెలియదని రాసే గడి మా ఫారంలో లేదమ్మా” అన్నాను. ఆ గడి లేకపోవడం నాకెప్పుడూ సుఖంగానే ఉండేది.

“అంటే మీకూ తెలీదన్నమాట!”

నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం నా మొహం చూడకుండా చెట్టు కిందున్న మిషను దగ్గరికి వెళ్లి దాని తలను వెనక్కి వాల్చింది. కింద నూనె, దారపు పోగులు, దూది. సూది మొనతో గెలికి మూడు పలచటి బిళ్లలు బయటికి తీసింది.

“ఇదిగో, దీని చెత్త. ఎండలు ముదిరాక రాలతాయి. గాలికి ఎగిరొచ్చి ఇందులో దూరతాయి. ఏటా తిట్టుకుంటూ తీస్తుంటా.”

గుండీ కన్నా కాస్త పెద్దవి. చుట్టూ కాగితంలాంటి రెక్క, నడుమ గింజ. నెమలినార. అచ్చంగా ఈ నేల చెట్టు. దీని గురించి కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది నేనే.

చిన్న కొమ్మ ఒకటి వంచి గోటితో గీశాను. బెరడు కింద తడితడిగా పచ్చదనం కనిపించింది. చెట్టు ఎండిందని రాసే ముందు ఇలా గీసి చూడాలి. మా ఉద్యోగంలో మొదటి రోజు నేర్పే పని అదే. నేను మానేసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. తల కొట్టేసినట్లయింది.

ఎర్ర గుర్తు తుడిచి తెల్లగా ఏడు వేశాను. టైలరమ్మ ముఖం విప్పారింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుంటే మామూలుగానే అడిగింది:

“వెనక వీధిలో కిందటి నెల పదకొండు కొట్టేశారు కదా. అవి నిజంగానే ఎండినవా సార్?”

ఆ పదకొండింటికీ ఒకే మధ్యాహ్నం గుర్తులు వేసి చేతులు దులుపుకున్నది నేనే.

గ్లాసు ఇచ్చేసి నేరుగా అక్కడికే వెళ్లాను. రోడ్డు పొడవునా మొదళ్లు వరసగా ఉన్నాయి. సోమవారం యంత్రం వచ్చి వేళ్లతో సహా పెకలిస్తుంది. తొమ్మిది మొదళ్ల చుట్టూ చిగుళ్లు జానెడు పైకి లేచాయి. ఒక ఆకు నలిపి వాసన చూశాను. కంపు. నెమలినార ఆకు నలిపితే అలాగే ఉంటుంది.

ఆఫీసరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“మొద్దుల కోసం రోడ్డు పక్కకు జరపమంటావా? నీ తప్పు నువ్వే బయట పెట్టుకుంటావా?” అన్నాడు.

“తప్పు నాదే సార్. సోమవారం యంత్రం వచ్చేలోపే రాసిస్తాను” అన్నాను.

తర్వాత తెల్ల డబ్బా తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, తొమ్మిదింటికీ అంకెలు వేశాను. మిగిలిన రెండింటికి చిగుళ్లు లేవు. వాటి బెరడునూ గోటితో గీశాను. లోపల గోధుమరంగు, పొడిగా ఉంది. అవి నేను గుర్తు వేసేనాటికే ఎండినవో, నేను కొట్టించాక ఎండినవో ఇక చెప్పలేను. ఆ రెండూ ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.