బావి మడి

ఆరోగ్యశాఖ జీపు సంతలోకి వచ్చి సరాసరి ఆకుకూరల వరస దగ్గరే ఆగింది. అధికారి కిందికి దిగలేదు. బంట్రోతులు దిగి తన మళ్లో పండిన కూర తనే తెచ్చి అమ్ముకునే కట్టలమ్మ గంప లాగి, పాలకూర కట్టలన్నీ నేలమీద కుమ్మరించి, వాటి మీద ఫినాయిలు పోశారు. పక్క గంపలకూ అదే గతి పట్టింది.

"మీ కూరల్లో సీసం ఉందట. జనాన్ని చంపుతారా?" అని అధికారి జీపులోంచే అరిచాడు.

"సీసం మేమెక్కణ్ణుంచి తెస్తాం బాబూ?" అంది కట్టలమ్మ. ముసలిది, తడిసిన కట్టలు ఏరుకుంటోంది. "ఉంటే ఆ గొట్టం నీళ్లలో ఉండాలి. అక్కడికెళ్లి చూడు."

జీపు అటు వెళ్లలేదు. ఎందుకు వెళుతుంది? ఆ గొట్టం బ్యాటరీల ఫ్యాక్టరీది. పుట్ట మీద కొడితే పాము చావదని బాగా తెలిసినవాళ్లే పుట్ట మీద కొడతారు.

ఆ ఫ్యాక్టరీలో సీసం పలకలు కడిగేవాళ్లలో నేనొకదాన్ని. మేం కడిగిన నీళ్లు గొట్టంలోంచి కాలవలో పడతాయి. కాలవ నీళ్లు కట్టలమ్మ వాళ్ల మళ్లకు పారతాయి. అక్కడ పండిన కూర సాయంత్రం మేమే కొనుక్కుంటాం. మా అక్క కూతురు ఆ కూరన్నం తినే పెరిగింది. ఇప్పుడు కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. నిన్న నేర్చుకున్న మాట ఇవాళ మరిచిపోతోంది. ఆస్పత్రిలో రక్తం చూసి సీసమన్నారు. ఇంకా ఒంట్లోకి పోకుండా చూసుకోమన్నారు.

సంత గొడవ జరిగిన మర్నాడు ఫోర్‌మన్ షెడ్డులో మా మధ్య తిరుగుతూ, "మీ పిల్లలకు విషం పెట్టింది ఆ కూరలవాళ్లే," అని చెవుల్లో ఊదాడు. మావాళ్లు నమ్మారు. కొందరు కర్రలు కూడా వెతుక్కున్నారు. ముందు మాట్లాడదామని సంఘం వాళ్లం కాళ్లావేళ్లా పడి, రైతులను కూడా యూనియన్ ఆఫీసుకు పిలిచాం.

ఆ రేకుల గదిలో రైతులు ఒక గోడకు, మేం ఒక గోడకు కూర్చున్నాం. సభ తిట్లతోనే మొదలైంది. అక్క బిడ్డను చంకనేసుకుని లేచింది.

"కట్టలమ్మా, ఒక్కటే అడుగుతా. నీ ఇంట్లో పొయ్యి మీదికి ఏ కూర ఎక్కుతుంది?"

కట్టలమ్మ అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు.

"బావి మడిలోది."

"అంటే?"

"బావి పక్కన ప్రతి ఇంటికీ చిన్న మడి ఉంటుందమ్మా. దానికి బావి నీళ్లే పోస్తాం. కాలవ నీళ్ల కూర ఉడుకుతుంటే ఇనప వాసనొస్తుంది, నోట పెట్టలేం. బావిలో ఊరే నీళ్లు ఆ ఒక్క మడికే సరిపోతాయి. అమ్మేదంతా కాలవ కూరే."

గది భగ్గుమంది. "తెలిసే అమ్మావా, ముసలిదానా!"

"వాసన తెలుసు. సీసమని తెలీదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు."

మావాడొకడు చెయ్యెత్తాడు. వాల్వు బాబాయి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో నీళ్లు వదిలేదీ కట్టేదీ ఆయనే.

"కొట్టాలంటే ముందు నన్ను కొట్టండ్రా. తనిఖీ వాళ్లొస్తున్నారని కబురు రాగానే వాల్వు కట్టేది నేను. వాళ్లు టీ తాగి వెళ్లగానే తిప్పేది నేను. మీలో చూడనివాడెవడు? ఒక్కడన్నా నోరెత్తాడా? ఈ రైతులు మన దగ్గర దాచారు, మనం వాళ్ల దగ్గర దాచాం. మధ్యలో యజమాని చల్లగా ఉన్నాడు."

మా తలలు వంగిపోయాయి.

"మీరూ మీరూ ఒకటైతే నా బిడ్డ రక్తం బాగవుతుందా?" అంది అక్క. పలకలు కడిగే నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.

"కాదమ్మా," అంది కట్టలమ్మ. "కానీ ఇవాళ్టినుంచి బావి మడి కూర మీ పిల్లలకే. మేం ఉప్పు కలుపుకుని తింటాం. ఆ గొట్టం సంగతి కూడా తేలుద్దాం."

"పొద్దున్నే తేలుద్దాం. నేనూ వస్తా," అంది అక్క. ఆమె కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

తెల్లారి రైతులు పారలతో వచ్చారు. గండి పూడ్చడం వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. గోతాల్లో మట్టి కుక్కి గొట్టం మూతి బిగించేశారు. లోపల వాల్వు బాబాయి వాల్వు బార్లా తెరిచి, మళ్లీ ఎవరూ కట్టకుండా దాని పిడి ఊడదీసుకుని బయటికొచ్చాడు. నీళ్లు వెనక్కి తన్ని ఆఫీసు వాకిలంతా నిండాయి. కట్టలమ్మ ఉత్త కాళ్లతో ఆ నీళ్లలోకి దిగి నిలబడింది. ఆమె వెనక మేమంతా దిగాం. బిడ్డను చంకనేసుకున్న అక్క మాత్రం గట్టు మీదే నిలబడింది.

పోలీసులొచ్చారు. మమ్మల్ని పట్టుకోవడానికి వాళ్లు నీళ్లలో కాలు పెట్టబోతుంటే, కుర్చీ ఎక్కి నిలబడ్డ మేనేజరు కేకేశాడు.

"దిగకండి సార్! అందులో సీసముంది, యాసిడ్ ఉంది! కాళ్లు పాడైపోతాయి!"

తనిఖీ వాళ్లు అడిగిన ప్రతిసారీ అవి మంచినీళ్లేనని ప్రమాణం చేసిన నోరది.

"విన్నారా?" అని అక్క అరిచింది. "పోలీసోళ్ల కాళ్లకు పనికిరాని నీళ్లు నా బిడ్డ కంచానికి పనికొచ్చాయి!"

ఇన్‌స్పెక్టరు విననట్టే ఉన్నాడు. నీళ్ల మీద బల్లలు పరిపించుకుని వచ్చి, కట్టలమ్మనూ వాల్వు బాబాయినీ వ్యానెక్కించాడు. నేరం, గొట్టం పాడుచేయడం. మట్టి తీయకపోతే మిగతావాళ్లనూ ఎక్కిస్తానన్నాడు.

అక్క నన్ను గట్టు మీదికి పిలిచి, బిడ్డను నా చేతికిచ్చి, కాలవ గట్టు దిగి, గొట్టం మూతికి పెట్టిన గోతాల మీద కూర్చుంది.

"ఎక్కించండి. మీకున్నది ఒక్క వ్యాను. అది తిరిగొచ్చేలోపు ఇంకో వరస మట్టి వేస్తాం."

రైతులు పారలు అందుకున్నారు. రెండో షిఫ్టుకు వచ్చినవాళ్లు గేటు లోపలికి వెళ్లకుండా గట్టు దిగి, ఒక్కొక్కరే ఆమె పక్కన కూర్చున్నారు.