గేటు దాటించే బండి

ఆ మనిషి చనిపోయి చాలాసేపైంది. దవడ బిగుసుకుపోయింది. కంట్లో లైటు వేస్తే కంటిపాప కదల్లేదు. మెడ దగ్గర నాడి లేదు. అయినా కంపెనీ అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసే ఆమె అతని గుండెల మీద రెండు చేతులూ పెట్టి ఒత్తుతూనే ఉంది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు కూడా తగిలించింది. ముందు సీట్లో డ్రైవరు పక్కన మేనేజరు కూర్చుని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. బండి ఇనుప ఫ్యాక్టరీ గేటు దాటగానే మేనేజరు ప్రాణం కుదుటపడింది.

"ఇక చాల్లే, చేతులు నొప్పెడతాయి" అన్నాడు. ఎంత దయో!

ఆ ఫ్యాక్టరీలో ఎవరూ చావరు. చచ్చేవాళ్లంతా దారిలోనే చస్తారు. లోపల చస్తే పోలీసులొస్తారు, విచారణ జరుగుతుంది, యంత్రాలు ఆగిపోతాయి. దారిలో పోతే మాత్రం వాడి ఆయుష్షు తీరిపోయిందంటారు, అంతే. అందుకే కంపెనీ అంబులెన్సుకు మేనేజరు నోటి నుంచి వచ్చే ఆజ్ఞ ఒకటే: "దాటించు." మనిషిని గండం నుంచి దాటించమని కాదు, గేటు దాటించమని.

కార్మికులకు ఈ సంగతి తెలియదు. వాళ్లకు కనబడేది వేరు. ముఖానికి మాస్కు పెట్టుకుని, గుండెలు ఒత్తించుకుంటూ వెళ్లాడంటే మనిషి బతికే ఉన్నట్టు. ఆసుపత్రి నుంచి వచ్చేది శవం. మరి మధ్యలో చంపిందెవరు? వాళ్ల కళ్లతో చూస్తే ఆ అనుమానంలో తప్పేముంది? అలా ఆమెకు 'దాటించే అక్క' అని పేరు పడింది.

"అక్కా, నాకు పొద్దుట్నుంచీ కడుపునొప్పి. చచ్చినా నీకు మాత్రం చెప్పను" అని ఒకడు నవ్వించబోయేవాడు. ఆమె నవ్వేది కాదు. ఈ విద్య నేర్చుకున్న రోజుల్లో ఆమెకు మొదట చెప్పింది పలకరించడం. పడిపోయిన మనిషి దగ్గరికి వెళ్లగానే పలకరించాలి. బదులొస్తే స్పృహ ఉన్నట్టు, ఊపిరి ఆడుతున్నట్టు. ఇప్పుడు ఫ్యాక్టరీలో నిక్షేపంలా తిరిగేవాళ్లు కూడా ఆమె పలకరిస్తే బదులివ్వడం మానేశారు. ఆ బాధ ఆమెను లోలోపల తినేసేది.

ఒక మధ్యాహ్నం గ్రైండింగ్ షెడ్డులో తిరుగుతున్న చక్రం పగిలింది. ముక్క ఎగిరొచ్చి పొడుగోడి తొడ కండను చీల్చుకుంటూ అవతల పడింది. పొడుగోడంటే షెడ్లు ఊడ్చే పెద్దమ్మకు ఒక్కగానొక్క కొడుకు. ఎవరో "అంబులెన్స్!" అని అరిచారు. పెద్దమ్మ చీపురు అక్కడే పారేసింది.

"ఆ బండి మాటెత్తితే ఊరుకోను! నా కొడుకుని దాటించనివ్వను."

తోటివాళ్లు ఆమె మాటే విన్నారు. పొడుగోణ్ణి మోసుకెళ్లి తుక్కు గది లోపల పడుకోబెట్టారు. పెద్దమ్మ తలుపు గడియ వేసింది. గాయం మీద గుడ్డ చుట్టారు. అది తడిసిపోతే దాని మీద ఇంకోటి, ఆ పైన మరొకటి. పొడుగోడు దాహం దాహం అంటుంటే నీళ్లు పట్టారు. ఎంత ప్రేమగా చూసుకున్నారో! గట్టిగా ఒత్తిపట్టాలని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

దాటించే అక్క నెత్తుటి చారలు చూసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. తలుపు బాదింది.

"పెద్దమ్మా, తలుపు తియ్యి!"

"వెళ్లిపో! ఎంతమందిని మింగావు? ఇంకా చాల్లేదా?"

"తియ్యకపోతే పోనీ, నా మాటైనా విను. ఆ గుడ్డలన్నీ తీసెయ్యి. రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి, సరిగ్గా అక్కడే రెండు చేతులూ పెట్టి నీ బరువంతా వేసి ఒత్తు. వదలొద్దు!"

"గుడ్డలు తీసేస్తే ఉన్న రక్తం కాస్తా పోద్ది. మాకు తెలీదనుకున్నావా?" లోపలి నుంచి ఎవరో కసిరారు.

ఆమె తలుపుకు తల ఆనించి ఏడ్చింది, తిట్టింది, బతిమాలింది. చివరికి పొడుగోడి మాట ముద్దముద్దగా రావడం మొదలయ్యాక, పెద్దమ్మే గడియ తీసింది.

పొడుగోడి ఒళ్లు చల్లగా, చెమటతో జిగటగా ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. మణికట్టు దగ్గర నాడి అందలేదు. మెడ దగ్గర సన్నగా, హడావుడిగా కొట్టుకుంటోంది. అక్క గాయానికి పైన పట్టీ బిగించి, నెత్తురు ఆగేదాకా మెలిపెట్టింది. నెత్తురు ఆగింది. ఆగడానికి ఒంట్లో ఇంకేం మిగిలిందని? పొడుగోడు అమ్మ వైపు చూశాడు. ఊపిరి ఒకటి వచ్చింది, తర్వాతది రాలేదు. అక్క అతని గుండెలు ఒత్తింది, ఊపిరి అందించింది. ఈసారి నిజంగానే, చేతులు పడిపోయేదాకా.

ఈలోగా మేనేజరు వచ్చాడు. గుమ్మం నిండా జనం.

"ఏం చూస్తున్నావు? మాస్కు పెట్టు. ఎత్తండి, దాటించండి!"

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"చనిపోయాడు" అంది.

"చావు సంగతి చెప్పాల్సింది డాక్టరు. నువ్వెవరు చెప్పడానికి?"

"అయితే ఆ డాక్టర్నే ఇక్కడికి రమ్మనండి. ఇతను ఇక్కడే చనిపోయాడు. ఇంతకుముందు నేను తీసుకెళ్లిన వాళ్లలోనూ చాలామంది ఇక్కడే చనిపోయారు. ఈ మేనేజరు మాట విని శవాల గుండెలు ఒత్తుకుంటూ గేటు దాటించాను."

జనం బిత్తరపోయారు. తర్వాత గొడవ లేచింది. "ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నావా?" అని ఒకడు ఆమె మీదికి దూసుకొచ్చాడు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కొడుకు తల ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"నేను గడియ ముందే తీసుంటే వీడు బతికేవాడా?"

అబద్ధం చెప్పడానికి అక్కకు నోరు రాలేదు.

"బతికేవాడేమో పెద్దమ్మా. గడియ వేసింది నువ్వే. వెయ్యక తప్పని గతి పట్టించింది మాత్రం ఈ కంపెనీ, నేనూ."

పెద్దమ్మ కళ్లలో ఒక్క చుక్క రాలేదు. కొడుకు జుట్టు సవరించింది. ఆ తర్వాత తలెత్తింది.

"వీడు గేటు దాటడు. ఆ డాక్టరెవడో వచ్చి, వీడెక్కడ పోయాడో అందరికీ వినబడేలా చెప్పాలి. అప్పటిదాకా వీణ్ణి ముట్టుకుంటే చూడండి!"

ఆ మాట షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది. ముందు గ్రైండింగ్ చక్రాలు ఆగాయి. తర్వాత కోత యంత్రాలు. "కొలిమి చల్లారితే నష్టమెంతో తెలుసా?" అని మేనేజరు గగ్గోలు పెట్టాడు. "మనుషులు చల్లారినప్పుడు తెలియలేదేం?" అని కొలిమి మేస్త్రీ చేతితొడుగులు విప్పేశాడు. శవాన్ని ఎత్తి బండిలో వెయ్యమని మేనేజరు డ్రైవరు మీద పడ్డాడు. డ్రైవరు బండి తాళాలు జేబులో వేసుకుని, "నా నడుం పట్టేసింది సార్, వంగలేను" అంటూ అందరితోపాటు నేల మీద చతికిలబడ్డాడు. జనంలో ఎవరో నవ్వారు, నవ్వి వెంటనే సిగ్గుపడ్డారు.

పోలీసులు వచ్చి బెదిరించారు, ఇద్దర్ని కొట్టారు. ఒక్కరూ కదల్లేదు. చివరికి పొద్దు వాలుతుండగా డాక్టరు రాక తప్పలేదు. తుక్కు గదిలో మోకాళ్ల మీద కూర్చుని పొడుగోణ్ణి పరీక్షించాడు. లేచి, మేనేజరు ముఖం చూశాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు.

"ఇక్కడే పోయాడు" అన్నాడు.

"గట్టిగా చెప్పండి బాబూ" అంది పెద్దమ్మ.

"ఇక్కడే, ఈ ఫ్యాక్టరీలోనే చనిపోయాడు."

విధులకు అడ్డుపడిందని, జనాన్ని రెచ్చగొట్టిందని పోలీసులు దాటించే అక్కను అరెస్టు చేశారు. ఆమె పెనుగులాడలేదు. తుక్కు గది నుంచి గేటు దాకా కార్మికులు రెండు వరసలుగా నిలబడ్డారు. పొద్దున ఆమెకు బదులివ్వనివాళ్లు కూడా "అక్కా!" "అక్కా!" అని పిలిచారు. ఆమె ఒక్కొక్కరి వైపూ చూసి తలూపుతూ నడిచింది.

గేటు దగ్గరికి చేరేసరికి వెనక నుంచి ఏడుపు వినిపించింది. పెద్దమ్మ ఏడుస్తోంది. ఇన్నేళ్లుగా ఆ ఫ్యాక్టరీ చావులకు ఏడుపంతా ఆసుపత్రి వరండాల్లోనే, గేటుకు అవతలే. ఇవాళ లోపల యంత్రం ఒక్కటీ తిరగడం లేదు. ఆ తల్లి ఏడుపు షెడ్లన్నిటికీ వినిపించింది.