సబ్బమ్మాయి తాగిన మందు

సబ్బమ్మాయికి పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉండేది గాని, పదిహేడో ఏట ముఖం నిండా నురగతో టీవీలో కనిపించిన రోజు నుంచి ఆ పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. కూరగాయలమ్మే మనిషి దగ్గర నుంచి బ్యాంకు గుమాస్తా దాకా అందరికీ ఆవిడ సబ్బమ్మాయే. ఆ తరువాత పళ్ళపొడి, తలనూనె, తలనొప్పి మాత్రలు, గోడల రంగు, చివరికి ఫ్యాను కూడా ఆవిడ చేతిమీదుగానే జనానికి అందాయి. ఫ్యాను ప్రకటనలో జుట్టు ఎంత చక్కగా ఎగిరిందో అందరూ చెప్పుకున్నారు. ఆ ఫ్యాను ఆరోజు తిరగనే లేదు. ఇద్దరు మనుషులు నేలమీద కూర్చుని అట్టముక్కలతో చెమటలు కక్కుతూ విసిరారు.

ఆ పన్నెండేళ్ళలో ఆవిడ నేర్చిన విద్య ఒక్కటే, కాని అది ఎముకల్లోకి ఇంకిపోయింది. మొదటి రోజే ప్రకటనల డైరెక్టరు చెప్పాడు. సీసా మీది పేరు కెమెరా వైపు ఉండాలి. వేళ్ళు అక్షరాల మీద పడకూడదు. తాగేది అయితే ఒక గుక్క తాగి, కళ్ళు మూసి, తెరిచి, నవ్వాలి. వెంటనే మూత పెట్టాలి. సీసాను నిలబెట్టాలి. కెమెరా వెనక ఎత్తుపీట మీద కంపెనీ మనిషి కూర్చుని ఉంటాడు. ఆయన సీసా కింద పడుకున్నదంటే ఆయన కంపెనీ పడుకున్నట్టే లెక్క.

ఇక చూడండి, చుట్టాలింట్లో మంచినీళ్ళిచ్చినా సరే, గ్లాసు మీది పువ్వు బొమ్మను ఎదుటివాళ్ళ వైపు తిప్పితే గాని గొంతు దిగేది కాదు. జబ్బుపడ్డ మేనత్తను చూడటానికి వెళ్ళి, మంచం పక్కనున్న మందు సీసాలన్నీ వరసగా ముఖాలు గుమ్మం వైపు పెట్టి వచ్చింది. మేనత్త నెలరోజులు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో తెలియక సతమతమైంది.

ఇరవై తొమ్మిది నిండగానే సబ్బు కంపెనీ వాళ్ళు కొత్తమ్మాయిని తెచ్చుకున్నారు. పాతదాన్ని మాత్రం వదలలేదు, ఎంతో గౌరవంగా పిలిచి, "ఈసారి కొత్తమ్మాయికి అమ్మగా వెయ్యండి మేడమ్" అన్నారు.

సబ్బమ్మాయి నోరు తెరిచేలోగా పెద్దమ్మ అందుకుంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి మొదటినుంచీ షూటింగులకు పెద్దమ్మే తోడు. ఒళ్ళో ఫ్లాస్కు, చేతిలో విసనకర్ర, నోట్లో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

"ఇరవై తొమ్మిదేళ్ళ దానికి పదిహేడేళ్ళ కూతురా! మీ కంపెనీలో లెక్కలొచ్చినవాళ్ళు ఒక్కళ్ళూ లేరా నాయనా?"

అలా సబ్బు చేజారింది. నూనె, మాత్రలు దాని వెనకే పోయాయి. ఆరునెలలు ఫోను మోగలేదు. చివరికి ఒక సీరియల్లో చిన్నకోడలి వేషం దొరికింది. ఎనిమిది వందల భాగాలు నడిచిన సీరియల్ అది. అందులో చిన్నకోడలి పని తలుపు పక్కన నిలబడి అందరి మాటలూ వినడం. ముప్పై అయిదు రోజులు నిలబడింది. ముప్పై ఆరో రోజు రచయిత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెవి మీద పెన్సిలు, సంచిలో కాగితాలు, ముఖంలో నిద్రలేమి.

"మామగారి మందులో పెద్దకోడలు విషం కలిపిందండీ. ఎవరూ నమ్మట్లేదు. రేపు మీరు హాల్లో అందరి ముందూ ఆ మందు మీరే తాగి నిరూపిస్తారు. ఆ తరువాతి భాగం నేను రెండు రకాలుగా రాసి పెట్టుకున్నాను. ఒకదాంట్లో మీరు ఆసుపత్రిలో కళ్ళు తెరుస్తారు. ఇంకోదాంట్లో గోడమీద మీ ఫోటో ఉంటుంది."

"ఏది ఉంచుతారు బాబూ?" అంది పెద్దమ్మ.

"అది అమ్మాయిగారు చేసేదాన్ని బట్టి. చానల్ వాళ్ళు చూస్తామన్నారు."

సబ్బమ్మాయి లెక్క వేసుకుంది. బతికితే ఇంకో మూడేళ్ళు పని. పోతే, కొత్తమ్మాయికి అమ్మ.

మర్నాడు హాలు సిద్ధమైంది. మెట్లున్నాయి గాని మేడ లేదు. కిటికీ అవతల ఆకాశం గుడ్డది. మామగారు చక్రాల కుర్చీలో కూర్చుని క్రికెట్ వింటున్నారు. పెద్దకోడలు కనుబొమలు దిద్దించుకుంటోంది. సామాన్ల మనిషి గోధుమరంగు సీసాలో చక్కెర నీళ్ళు పోసి, చక్కగా మందు పేరున్న చీటీ అంటించి తెచ్చాడు.

డైరెక్టరు "యాక్షన్" అని అరిచాడు. సబ్బమ్మాయి సీసా అందుకుంది. చెంప పక్కకు తెచ్చింది. చీటీ కెమెరా వైపు తిప్పింది. "మామయ్యా, ఈ మందు మీకు రాసింది కాదు" అని మూత తీసి తాగింది. కళ్ళు మూసి, తెరిచి, హాయిగా నవ్వింది.

"కట్! అమ్మా, అది విషం."

"తెలుసండీ."

"విషం తాగి అంత తెరిపిన పడ్డట్టు నవ్వుతారేంటమ్మా! జనం కొనుక్కుంటారు!"

రెండోసారి నవ్వలేదు గాని చీటీ తిరిగింది. మూడోసారి చీటీ తిప్పకూడదని చేతిని బిగబట్టింది, మెడ తిరిగింది. నాలుగోసారి చేయీ మెడా మాట విన్నాయి, పెదవులు వినలేదు. తొమ్మిదోసారికి డైరెక్టరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పెద్దకోడలు ఎవరికో వినపడేలా, "సబ్బు రాసుకోడానికీ విషం తాగడానికీ ఒకటే ముఖం" అంది.

పెద్దమ్మ ఊరుకుంటుందా? "నీకు ఆ ఒక్కటి కూడా లేదు కదమ్మా. కనుబొమల దాకే వచ్చి ఆగిపోయావు."

రచయిత సంచిలోంచి ఒక కాగితం పైకి తీశాడు. అది ఏ కాగితమో సబ్బమ్మాయికి ఇక్కడినుంచే తెలుస్తోంది. గోడమీద ఫోటో ఉన్న కాగితం.

"ఆ చీటీ పీకి పారెయ్యండయ్యా!" అన్నాడు డైరెక్టరు.

సామాన్ల మనిషి గోటితో గీకి చీటీ ఊడదీశాడు. మళ్ళీ దీపాలు వెలిగాయి. సబ్బమ్మాయి సీసా అందుకుంది. వేళ్ళు అలవాటుగా పేరు కోసం తడిమాయి. పేరు లేదు. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఎటు చూసినా ఒక్కలాగే ఉంది. పన్నెండేళ్ళలో ముందూ వెనకా లేని సీసా ఆవిడ చేతికి ఎన్నడూ రాలేదు. బొటనవేలికి జిగురు అంటుకుంది. తలెత్తి చూస్తే కెమెరా వెనక ఎత్తుపీట కూడా లేదు. ఎవరి కోసం నవ్వాలో తెలియలేదు. ముఖం తనంతట తానే వడలిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మామయ్యా" అంది. "ఈ మందు మీకు రాసింది కాదు."

తాగింది. కుర్చీ పట్టుకుని నెమ్మదిగా జారి, నేలమీద ఒరిగిపోయింది.

మామగారు క్రికెట్ ఆపేశారు. దీపాల మనిషి నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. డైరెక్టరు "కట్" అనడానికి రెండుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చింది.

పెద్దమ్మ పరుగున వెళ్ళి ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసిచ్చింది. "నా తల్లే! నిజంగానే పోయావనుకున్నానే!"

రచయిత కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఆసుపత్రి కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"అదేంటి బాబూ?"

"ఇంత గొప్ప చావు వచ్చాక మళ్ళీ బతికిస్తే జనం ఉమ్మేస్తారండీ. ఫోటోయే."

పెద్దమ్మ విసనకర్ర నేలకేసి కొట్టింది. "చేతకాకపోతే తీసేస్తామన్నారు, చేస్తే చంపేస్తామంటున్నారు. ఇంతకీ ఏం చేస్తే ఉంచుతారో ఒక్క ముక్కలో చెప్పు నాయనా, రేపట్నుంచి అదే చేస్తుంది!"

డైరెక్టరు మాట తప్పించడానికి, "ఒకసారి తెర మీద చూద్దాం" అన్నాడు. అందరూ చిన్న తెర చుట్టూ మూగారు. తాగడం చూశారు, జారడం చూశారు, ముక్కులు ఎగబీల్చారు.

"ఆగు నాయనా" అంది పెద్దమ్మ. "కాస్త వెనక్కి తిప్పు. దాని కుడిచేయి చూడు."

తిప్పారు. సబ్బమ్మాయి కుర్చీ పట్టుకుని జారుతోంది. ప్రాణం పోతోంది. కుడిచేయి మాత్రం వేళ్ళ సందునున్న మూతను తీరిగ్గా సీసాకు బిగించి, ఇంకో అర మలుపు తిప్పి, సీసాను నేలమీద నిటారుగా నిలబెట్టింది. ఆ తరువాతే వేళ్ళు వాలిపోయాయి.

సబ్బమ్మాయి ముక్కున వేలేసుకుంది. "నేనా? నాకు తెలీదండీ!"

"ఇంకోసారి తీద్దాం" అన్నాడు డైరెక్టరు. తీశారు. కాని ఈపాటికి ఆ చేతికి సీసా మీది జిగురు మచ్చ తెలిసిపోయింది. మచ్చ ఉన్నదే ముఖమని తేల్చుకుని, దాన్ని కెమెరా వైపు తిప్పి, తాగి, నవ్వేసింది. ఇంకో మూడుసార్లు తీశారు, ఆ ఏడుపు మళ్ళీ రాలేదు. రేపు సాయంత్రం ప్రసారం. ఉన్నది ఆ ఒక్కటే, దాంట్లో మూత ఉంది.

డైరెక్టరు చేతులెత్తేశాడు. "చచ్చే మనిషి మూతెందుకు పెడుతుందయ్యా?"

"చచ్చే మనిషి పెట్టదు" అంది పెద్దమ్మ. "ఆ మిగిలింది ఒలికిపోతే ఇంట్లో వాళ్ళకు చూపించేదేముంది? లేచి కూర్చుని నలుగురికీ చూపిద్దామని దాచిపెట్టింది నా పిల్ల."

రచయిత చెవి మీది పెన్సిలు తీశాడు. ముఖం వెలిగిపోయింది. "సాక్ష్యం!" అన్నాడు. "నేను మొదటినుంచీ అదే అనుకుంటున్నాను!" వంగి, ఆసుపత్రి కాగితం నాలుగు ముక్కలూ నేలమీంచి ఏరుకున్నాడు.

సీరియల్ ప్రసారమైంది. విషం మింగుతూ కూడా సాక్ష్యం కాపాడిన చిన్నకోడలి తెలివిని జనం వారం రోజులు చెప్పుకున్నారు. ఒక పత్రికలో ఒకాయన ఆ మూతలో దాగిన అర్థం గురించి అరపేజీ రాశాడు. రచయితకు సన్మానం జరిగింది.

పదిరోజుల తరువాత ఆసుపత్రి గది వేశారు. సబ్బమ్మాయి తెల్లటి మంచం మీద కళ్ళు తెరిచింది. నర్సు వేషం పిల్ల టానిక్కు సీసా తెచ్చి చేతికిచ్చింది. నిజమైన సీసా, నిజమైన పేరు. చూస్తే కెమెరా వెనక కొత్తగా ఒక ఎత్తుపీట, దాని మీద కాలు మీద కాలేసుకుని ఒక పెద్దమనిషి. సీరియల్ కు డబ్బు పెడుతున్న టానిక్కు కంపెనీ ఆయనట.

తీశారు. ఈసారి సీసా తిరగలేదు, పెదవులు నవ్వలేదు. ఆయన డైరెక్టరు చెవిలో ఏదో ఊదాడు. డైరెక్టరు నీళ్ళు నమిలాడు.

"అమ్మా, కొంచెం... చీటీ ఇటు తిప్పి... ఒక చిన్న నవ్వు..."

సబ్బమ్మాయి సీసా వైపు చూసింది, ఎత్తుపీట వైపు చూసింది. అయిదు వేళ్ళూ అక్షరాల మీద పరిచి, సీసాను గుండెకు ఆనించుకుంది.

"విషం తాగి లేచినదాన్నండీ" అంది నీరసంగా. "సీసా తిప్పే ఓపిక నాకెక్కడిది?"