అత్తయ్యకు పెట్టిన నవ్వు

మా అత్తగారు పోయిన రెండో వారంలో ఆవిడ నవ్వు కోసం ఇల్లంతా వెతికాం.

బీరువా దులిపాం, ఆల్బమ్‌లు తిరగేశాం, చుట్టాల ఫోన్లన్నీ గాలించాం. ఎక్కడా దొరకలేదు. పెళ్లిఫోటోలో ఆవిడ ఫోటోగ్రాఫర్‌ని అనుమానంగా చూస్తోంది. పెద్దకొడుకును ఎత్తుకున్న ఫోటోలో పెద్దకొడుకును అనుమానంగా చూస్తోంది. ఆ రెండో అనుమానం నిజమేనని తరవాత తేలింది.

పెద్దకొడుకంటే మా బావగారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. మైకు కనిపిస్తే చేతులు ఊరుకోవు. అత్తయ్య జీవితంలో సగభాగం రిసెప్షనిస్టుగా కూర్చున్న స్కూల్లోనే సంస్మరణ సభ జరగాలని, ఆ రిసెప్షన్ గోడకే ఆవిడ ఫోటో తగిలించాలని ఆయన పట్టుదల. స్కూలు కరస్పాండెంటు సరేనన్నాడు. కాకపోతే చిన్న షరతు. వచ్చేపోయేవాళ్లు చూసే గోడ కదా, ఫోటోలో మేడమ్ నవ్వుతూ ఉండాలి.

"అదెంత పని సార్! అమ్మ ఎప్పుడూ నవ్వుతూనే ఉండేది," అన్నారు బావగారు ఫోన్లో.

పక్కనే ఉన్న మా ఆయన దగ్గారు. అన్నగారి ముందు ఆయన నిరసన దగ్గు దాటి ముందుకు పోదు.

అత్తయ్యకు నవ్వడం చేతకాక కాదు. నవ్వితే ఉద్యోగం చెడుతుందని ఆవిడ నమ్మకం. "నవ్వామనుకో, లోపలికి పొమ్మన్నామనుకుంటారు" అనేది. రిసెప్షనిస్టంటే వచ్చినవాళ్లను ఆహ్వానించే మనిషని లోకం అనుకుంటుంది. ఆపే మనిషని ఆవిడ అనుకుంది. పిల్లలు ఆవిడకు తాళంకప్ప అని పేరు పెట్టుకున్నారు. కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చి "నేనెవరో తెలుసా?" అని అడిగే తండ్రులకు ఆవిడ దగ్గర ఒకటే జవాబు: "తెలీదు. అందుకే కూర్చోమన్నాను." కడుపునొప్పి అంటూ పిల్లలెవరైనా వస్తే, ఎక్కడ నొప్పి అని కాక "ఏ పీరియడు?" అని అడిగేది. లెక్కలయితే వెనక్కి పంపేది. ఆటల పీరియడయితే నొప్పి నిజమేనని బెంచీమీద పడుకోబెట్టేది.

మామగారు త్వరగా పోయారు. కొడుకులిద్దరూ అదే స్కూల్లో చదివారు. ఒకరోజు ఆవిడ ముందు బయల్దేరుతూ, ఇంటికి తాళం పెట్టి రమ్మని మా ఆయనతో చెప్పింది. తాళం పడక పాపం ఆలస్యమైంది. కౌంటరు దగ్గర తల్లి ఆయన్ను ఎగాదిగా చూసి, "ఎవరబ్బాయివి?" అని అడిగింది. ఈయన అమ్మ పేరు చెప్పారు. "వెళ్లి ఆవిణ్ణి వెంటబెట్టుకురా," అంది. ఎక్కడికెళ్లాలో తెలీక మా ఆయన గంట కొట్టేదాకా అక్కడే నిలబడ్డారు. ఇప్పటికీ ఏదైనా తేల్చుకోవాలంటే ఆయన అలాగే నిలబడతారు.

రిటైరయ్యాక మా ముందుగది ఆవిడ కౌంటరయింది. చెప్పాపెట్టకుండా వచ్చిన మా అమ్మానాన్నల్ని "ఏ పనిమీద వచ్చారు?" అని అడిగింది. ఆ మాట మా అమ్మకు ఇంకా గొంతు దిగలేదు. ఆవిడ మంచిదని నేనెక్కడా అనలేదు, గమనించండి.

నవ్వు దొరకలేదు కాబట్టి బావగారు ఫోటోస్టూడియోకి వెళ్లారు. రిటైరయిన రోజు స్కూల్లో తీసిన ఫోటో ఒకటి ఉంది. కౌంటరు వెనక కూర్చుని, కళ్లజోడు పైనుంచి, కెమెరా పట్టుకున్నవాణ్ని కూడా ఆపేస్తున్నట్టు చూస్తుంటుంది. ఆ పెదాల్ని కంప్యూటర్లో ఇటూ అటూ లాగించారు. మధ్యలో పళ్లు పెట్టించారు. ఎవరి పళ్లో తెలీదు. మచ్చు ఫోన్‌కి వస్తే చూశాం. టూత్‌పేస్టు అమ్ముకుంటున్న పెద్దావిడ ఎవరో మా అత్తయ్య చీర కట్టుకున్నట్టుంది.

మా అమ్మాయి ఫోన్ బోర్లా పెట్టేసింది. దాన్ని పెంచింది అత్తయ్యే.

"అమ్మా, కొన్నాళ్లకి నానమ్మ మొహం నాకు సరిగ్గా గుర్తు రాదనుకో. అక్కడికెళ్లి చూస్తే ఈవిడ కనిపిస్తుంది. ఇంక నానమ్మంటే ఈవిడే అయిపోతుంది."

"పోయినావిడ నవ్వితే నీకేంటే నష్టం?" అన్నారు బావగారు.

"ఉన్నన్నాళ్లూ నవ్వనిది, ఇప్పుడు మీ సభ కోసం ఎందుకు నవ్వాలి పెదనాన్నా?"

ఆయన నావైపు తిరిగారు. "అమ్మాయ్, కూతురికి మాటలు బాగానే నేర్పావు."

"నేను కాదు బావగారూ. మీ అమ్మగారే."

మా ఆయన దగ్గారు.

తయారైన ఫోటో తెచ్చే పని నాకు పడింది. ఇంట్లో ఖాళీగా ఉండేది నేనొక్కదాన్నేనని బావగారి ఉద్దేశం. వంటా, బట్టలూ, మాటిమాటికీ ఆయన చేతికొచ్చే కాఫీ వాటంతటవే జరిగిపోతున్నాయి కదా. వెళ్లి స్టూడియో ఆయనతో, "ఆ పళ్లు తీసేసి, ఉన్నదున్నట్టు వేసివ్వండి," అన్నాను.

"పెద్దసారు అడిగితే ఏం చెప్పనండీ?"

"మేడమ్ ఒప్పుకోలేదని చెప్పండి."

అతను ఆ స్కూల్లో చదివినవాడే. మారుమాట్లాడకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కాగితం చుట్టిన ఫ్రేమును సభ హాలుకు తీసుకెళ్లి, కాగితం విప్పి నేనే స్టాండు మీద పెట్టి, తెర కప్పాను.

సభలో బావగారు మైకు అందుకుని, చిరునవ్వే తన తల్లికి నగ అన్నారు. కరస్పాండెంటు అంతటితో ఆగక, మేడమ్ ఎవర్నీ గుమ్మంలో నిలబెట్టి ఎరగదన్నాడు. వెనక వరసల్లో పాత విద్యార్థులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ గుమ్మంలో నిలబడనివాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అయినా అందరూ తలలూపారు. పోయినవాళ్ల గురించి అబద్ధం చెబితే మర్యాద అని మనవాళ్లకు ఎవరు చెప్పారో గానీ, ఆ మర్యాద ఆవేళ హాలంతా పొంగిపొర్లింది.

అప్పుడు తెర లాగారు.

ముందువరసలో బట్టతలాయన ఒకడు నములుతున్నదేదో గబుక్కున మింగేశాడు. ఒకావిడ ఫోను సంచిలో దాచింది. కరస్పాండెంటు జేబులోంచి చెయ్యి తీసేశాడు. "బాబోయ్, తాళంకప్పే!" అన్నారెవరో. హాలంతా ఫక్కున నవ్వింది. ఆ పూట అక్కడ వినిపించిన మొదటి నిజం అదే.

బావగారి మొహం చూడాలి. "స్టూడియోవాడు పొరపాటు చేశాడు సార్," అన్నారు. నేను సీలింగు ఫ్యాను చూస్తున్నాను.

"ఏం ఫర్వాలేదు," అన్నాడు కరస్పాండెంటు. "ప్రస్తుతానికి స్టోర్‌రూములో పెడదాం. అడ్మిషన్ల సమయం కదా, పేరెంట్స్ బెదిరిపోతారు. మంచిది వచ్చాక గోడకు పెడదాం."

"తప్పకుండా సార్. వారంలో నవ్వేది తెప్పిస్తాను."

మా అమ్మాయి వాళ్ల నాన్నవైపు చూసింది. ఆయన దగ్గారు. ఇంక అంతేలే అనుకున్నాను.

"అన్నయ్యా," అన్నారు మా ఆయన. "వారంలో తెప్పించేది ఎవరి అమ్మని?"

"ఏంట్రా చిన్నోడా, అందరి ముందూ..."

"మన అమ్మ ఇదిగో, ఇలాగే ఉండేది. పెడితే ఇలాగే గోడ మీద పెట్టండి. లేదంటే మేం ఇంటికి తీసుకెళ్లిపోతాం."

"ఒరేయ్, గోడ పోతుందిరా!"

"పోనీ."

ఎదురు చెప్పడం అలవాటు లేని మనిషి కదా, ఫ్రేమును ఒకవైపే పట్టుకుని ఎత్తారు. మా అమ్మాయి పరుగెత్తుకెళ్లి రెండోవైపు పట్టుకుంది. గోడమీద ఇప్పుడు ఎవరో పాప పళ్లన్నీ చూపిస్తూ స్వాగతం చెబుతోందని విన్నాను. స్కూలుకు కావలసింది అదే, దొరికింది.

బావగారి కారులో చోటు లేదన్నారు. బస్సెక్కాం. అమ్మాయి ఫ్రేమును ఒళ్లో నిలబెట్టుకుని కూర్చుంది. ఎదురుసీటు పెద్దాయన కాసేపు చూపు అటూ ఇటూ తప్పించి, తప్పక అడిగాడు.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా నానమ్మండీ."

"బాగా కోపంగా ఉన్నట్టున్నారే!"

అమ్మాయి వంగి, ఫోటోలోకి తేరిపార చూసింది.

"లేదండీ," అంది. "మామూలుగానే ఉంది."