మూడో అధ్యాయం

వెల్లుల్లి రెబ్బలు వొలుస్తూ మంజూష చెవిలో రికార్డింగ్ వింటోంది. చేతులెప్పుడూ పనిలోనే ఉంటాయి కాబట్టి పరిశోధన నోట్సు ఫోనుకి చెప్పుకోవడం ఆమెకు అలవాటు. నిన్న పొద్దున చెప్పుకుని, ఆపడం మర్చిపోయింది. నోట్సు అయిపోయాక ఇల్లంతా ఫోనులోకి వచ్చేసింది.

రాజకీయ పాడ్‌కాస్టుల్లో ఎవరి మాట ఎవరు కోస్తారన్నదే ఆమె పరిశోధన. ప్రతి ముఖాముఖినీ పొల్లుపోకుండా రాసుకుని, మాట తెగిన చోటల్లా ఎర్రగీత పెడుతుంది. థీసిస్‌లో మూడో అధ్యాయం భర్త విజయేందర్ పంజగుట్ట స్టూడియోలో చేసే షో గురించి. మూడేళ్ళుగా ఆ షో మాటలన్నీ రాసిపెడుతున్నదీ ఆమే, "ఇంట్లనే ఉంటవ్ గదా" అని అతనన్న ఒక్క మాట మీద. మగ నాయకుల్ని అతను "సార్" అంటాడు, చెప్పింది చివరిదాకా వింటాడు. ఒక మహిళా కార్పొరేటర్‌ని "అక్కా" అంటూనే ముప్పయ్యొక్కసార్లు ఆపాడు. బస్తీకి నీళ్ళు రావడం లేదని ఆమె చెబుతుంటే, "ఇంట్ల వంటెవరు జేస్తరక్కా?" అని నవ్వాడు. "నీళ్ళొస్తే గద తమ్మీ, వంట!" అందామె. ఆ వాక్యం తెగలేదు.

"ఆ అధ్యాయం తీసెయ్," చెవిలో విజయేందర్ గొంతు. "నా షోకు ఇంకెవరొస్తరు?"

"అది కాదు, నేను..."

"నీకు తెల్వదు, ఊకో."

తర్వాత అత్త భూలక్ష్మి. "మొగుని మీద పుస్తకం రాసేటిది యాడన్న ఉంటదా? చాయ్‌ల చక్కెర సుత మర్చిపోతున్నవ్."

"రేపే ఆఖరి గడువు అత్తమ్మా, ఇయ్యకుంటే..."

"చాయ్ సల్లారింది."

అలవాటుగా చెయ్యి ఎర్రపెన్ను అందుకుంది. ఇరవై నిమిషాల్లో తను నోరు తెరిచింది పదకొండుసార్లు. ఒక్క వాక్యమూ చివరిదాకా పోలేదు. ఎక్కడైనా ఒక్కటి దొరక్కపోతుందా అని మళ్ళీ మొదట్నుంచీ వింది. దొరకలేదు. కార్పొరేటర్ కోసం అయ్యో అనుకున్న తనకు, ఆ కార్పొరేటర్‌కు దొరికిన సందైనా సొంత ఇంట్లో దొరకలేదు. ఊళ్ళో బడి రోజుల నుంచీ అందరూ తనని నెమ్మదస్తురాలంటే ఇన్నాళ్ళూ నిజమేననుకుంది.

ఇవ్వాళ ఐదింటికల్లా థీసిస్ యూనివర్సిటీలో ఇవ్వాలి. మూడో అధ్యాయంతో సహా బైండు చేయించిన ప్రతులు సోఫా వెనక సంచిలో ఉన్నాయి.

విజయేందర్ గదిలోంచి వచ్చాడు. "తీసేసినవా? తీసేసే ఉంటవ్ తియ్. అన్నం వెట్టు, జర జల్దీ."

పన్నెండోసారి ఆమె నోరు తెరవలేదు. చేతులు కడుక్కుంది. సంచి భుజాన వేసుకుంది, చెప్పులు తొడుక్కుంది.

"ఏయ్, ఎటు వోతున్నవ్?"

పెళ్ళయ్యాక మొదటిసారి అతను ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగాడు.

మంజూష మెట్లు దిగింది.