చివరి మాటకు చోటు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు: రాతలమ్మ, ఆమె కోడలు, బడి ఎగ్గొట్టిన మనవరాలు. గది నిండా తెల్లగుడ్డ పరిచి ఉండటంతో కోడలు గోడ పట్టుకుని పక్కకు పక్కకు నడుస్తోంది.

రాతలమ్మ ఆఫీసులో అటెండరు. రాత ముత్యాల్లా ఉంటుందని ముప్పయ్యేళ్ళుగా అక్కడి బ్యానర్లన్నీ ఆమెచేతే రాయిస్తున్నారు. ఆ రోజు రిటైర్మెంటు వీడ్కోలు ఆమెకే. రాసేవాళ్ళు ఇంకెవరూ లేక, ఆ బ్యానరూ ఆమే రాస్తోంది.

‘రాతలమ్మగారికి’ అని రాసింది. ‘గారికి’ దగ్గర సిగ్గేసి కాస్త చిన్నగా రాసింది. అక్కడ కుంచె ఆగిపోయింది.

“శుభాకాంక్షలు అని రాసెయ్యండి అత్తయ్యా. అవతల కూర మాడుతోంది, నేనటు వెళ్ళాలి.”

“శుభాకాంక్షలు జరగబోయేదానికి. చేసినదానికి అభినందనలు.”

“రెండూ ఒకటే కదా!”

“ఒకటెలా అవుతాయే? పెళ్ళినాడు మీ మామయ్యకి అందరూ శుభాకాంక్షలు చెప్పారు. నాతో పాతికేళ్ళు కాపురం చేశాక అభినందనలు చెప్పారు.”

మనవరాలు కిసుక్కున నవ్వింది. “అయితే అభినందనలే రాసుకో నానమ్మా.”

“నాకు నేనే ఎలా రాసుకోనూ? నా భుజాలు నేనే చరుచుకున్నట్టుంటుంది.”

‘అభినందనలు’ అన్న మాట తనతో ఒక్కసారి ఎవరైనా అంటే బాగుండునని ఆమె కోరిక. కుర్చీలో కునుకు తీసి ప్రమోషన్లు కొట్టినవాళ్ళకు సైతం ఆ మాటను అందంగా రాసిచ్చింది. చివరి మాటకు చోటు వదిలి, గుడ్డ చుట్టేసింది.

ఆఫీసులో బ్యానరు విప్పగానే మేనేజరు తెల్లబోయాడు. “ఇదేంటమ్మా, సగమే రాశావు?”

“మిగతాది మీరు రాయాలండీ.”

కుంచె చేతిలో పెట్టింది. మేనేజరు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా పైకప్పు వైపు చూశాడు.

“పోనీ, శుభాకాంక్షలు రాసేస్తా.”

రాతలమ్మ తల వంచుకుంది.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. “సార్, మనం పదకొండుకొస్తాం. అప్పటికే తలుపులు తీసి, దుమ్ము దులిపి, మనం ఎక్కడ పడేశామో మనకే తెలియని కాగితాలు వెతికిపెట్టేది ఈవిడే. ముందు చేసినదానికి అభినందనలు చెప్పొద్దూ?”

మేనేజరు కుంచె ముంచాడు. నాలుక బయటపెట్టి, అక్షరానికో చెమటచుక్క చొప్పున రాశాడు. ‘అభినంద’ దగ్గరే గుడ్డ అంచు వచ్చేసింది. ‘నలు’ కింద వరసలోకి దిగింది.

అంత వంకర రాతను ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ గోడెక్కనివ్వలేదు. ఈసారి తనే కుర్చీ ఎక్కి మేకు కొట్టింది.

సాయంత్రం అందరికీ దణ్ణం పెట్టి గడప దాటింది. కొత్త అటెండరు “జాగ్రత్తమ్మా” అంటూ వెనకే తలుపు వేసేసింది.

లోపల గోడమీద, మేనేజరు మందంగా పూసిన ‘నలు’ ఇంకా ఆరలేదు. ఎర్రరంగు చుక్క ఒకటి మెల్లగా కిందికి జారుతోంది.