ఏడుపు బాణీలో నాలుగు మాటలు

మొగుడు దస్రు ఎడమ చేతిని తువ్వాల మీదుగా పట్టుకుని గోరి మళ్లీ తట్టింది. ఒట్టి చేత్తో పట్టుకునే వీలు లేదు. నిన్నటి మిరపకాయల మంట మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె రాసినా వేళ్లను వదల్లేదు. ఆ వేళ్లు తగిలిన చోటల్లా ముసలాయన చర్మం ఎర్రబడుతోంది. ఒక్కో తట్టుకు ఒక్కో ముక్క చొప్పున ఆమె గొంతు సాగదీసి "పా... ణి" అంది. నులకమంచం మీద గోడకు చేరగిలబడ్డ దస్రు ఆమె పెదవుల వంకే చూశాడు. కుడివైపుకు జారిపోయిన మూతి కదిలింది. ముందు గాలి వచ్చింది, తరవాత మూలుగు వచ్చింది, ఆ మూలుగు వెంట రాగం లేచి "పా... ణి" అని ముగిసింది.

పాణి అంటే వాళ్ల లంబాడీలో నీళ్లు. అప్పుడు గానీ గోరి గ్లాసు అందించలేదు. అడిగాకే ఇవ్వాలని ఖమ్మం దవాఖానా మేడం మరీ మరీ చెప్పింది.

మిరప కోతలు మొదలయ్యాయి. గోరి పొద్దున వెళితే మళ్లీ పొద్దుగూకే వేళకే ఇల్లు చేరేది. గోడ అవతలి ఇంట్లో కోడలు హేమలత చంటిపిల్లతో ఉంటుంది. కొడుకు కోటేష్ బొగ్గు టిప్పరెక్కితే ఏ రాత్రికి దిగుతాడో వాడికే తెలియదు. కాబట్టి దస్రు తనకు కావలసింది తనే నోరు తెరిచి అడగాలి. అడగలేకపోతే దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా ఎవరికీ తెలియదు. గోరికి ఈ లోకంలో ఇంతకన్నా పెద్ద కోరిక లేదు, ఉందంటే అబద్ధం.

అసలే ఆయన నోట్లో నాలుక లేని మనిషి. బతుకంతా బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాడు. దుంగ చిటచిటమంటే వినాలి గాని నోరు పారేసుకోకూడదని ఆ పనే నేర్పింది. ఇంటికొచ్చినా అదే వాటం. పెడితే తినేవాడు, పెట్టకపోతే పడుకునేవాడు. తీజ్ పండక్కి టేకులపల్లి చుట్టుపక్కల తండాలన్నీ పాటలతో హోరెత్తిపోతుంటే ఈయన దూరంగా బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఉన్న ఆ నాలుగు మాటల్నీ పోయిన దసరా ముందు వచ్చిన పక్షవాతం ఊడ్చుకుపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే అదే.

ఖమ్మం దవాఖానాలో మాటలు నేర్పే అరుణశ్రీ మేడం మంచిపిల్ల. విసుక్కోకుండా చెప్పింది.

"మాట పోయినోళ్లకు ఒక్కోసారి పాట పోదమ్మా. ఆయనకు బాగ తెలిసిన బాణీ ఏదన్న పట్టుకో. ఎడమ చెయ్యి తట్టుకుంట, ఆ బాణీల కావాల్సిన మాట పెట్టి పాడించు. మెల్లమెల్లగ రాగం తీసేద్దాం, మాట మిగులుతది."

ఏ భజనో, జోలపాటో ఉంటుందని ఆమె అనుకుంది. గోరి ఇంటికొచ్చి తనకు వచ్చిన పాటలన్నీ పాడింది. దస్రు గోడను చూస్తూ కూర్చున్నాడు.

బాణీ దొరికింది ఆయన చెల్లెలు బాలి చూడవచ్చిన రోజున. లంబాడీ ఆడవాళ్లు చాన్నాళ్లకు కలిస్తే మెడలు కావలించుకుని కష్టమంతా రాగం తీసి ఏడుస్తారు. పెళ్లిపిల్లను సాగనంపినా ఆ రాగమే, శవం లేచినా ఆ రాగమే, మాటలే మారతాయి. వదినా మరదళ్లు గుమ్మంలోనే మొదలుపెట్టారు. కాసేపటికి మంచం మీంచి మూడో గొంతు కలిసింది. బాలి ఏడుపు మింగేసి నోరు తెరుచుకుని చూసింది. తల్లి పోయినప్పుడు, చెల్లెలు అత్తారింటికి పోయినప్పుడు, కూతురు పోయినప్పుడు ఈ మొద్దుమనిషి ఒక మూల కూర్చుని విన్నవన్నీ లోపల భద్రంగా ఉన్నాయన్నమాట. గోరి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

మర్నాడు ఆ రాగంలో మొదటి మాట నేర్పుతుంటే, దస్రు పోయాడనుకుని తండా తండా పరుగెత్తుకొచ్చింది. పెద్దమనిషి మోతీలాల్ కట్టెలకు మనిషిని కూడా పంపి మరీ వచ్చాడు. మంచం మీద దస్రు గుడ్లు తిప్పుతూ కనబడేసరికి మండిపడ్డాడు.

"ఏందిది గోరీ? బతికున్నోనికి చావురాగం కడతవా? తండాకు అరిష్టం."

"అరిష్టమేదో నాకే తగలనియ్యి అన్నా. ఇంకో రాగం ఆయన నోట్లెకెళ్లి వస్తలేదు. మీకందరికి దండం పెడత. ఈ ఇంట్ల ఏడుపు ఇనబడితే ఉరికి రాకుండ్రి. నేర్చుకుంటుండనుకోండ్రి, అంతే."

గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. నాలుగు రోజులకు మేకలు తోలుకుపోయే వాళ్లు కూడా ఆ ఇంటి వైపు తల తిప్పడం మానేశారు. దస్రుకు నాలుగు మాటలు పట్టుబడ్డాయి: నీళ్లు, రొట్టె, నొప్పి, రా. చివరిది సులువు కాబట్టి పనున్నా లేకున్నా రోజంతా అదే పాడేవాడు. హేమలత మొదట్లో పిల్లను దించి మరీ పరుగెత్తేది. వెళితే ఆయనకు ఏమీ అక్కర్లేదు.

బయట ట్రాలీ ఆటో హారన్ కొట్టింది. గోరి కొంగు దోపుకుని, గోడ మీదుగా కోడలికి అప్పగింతలు పెట్టింది.

"పాణి అంటే నీళ్లియ్యి. బాటి అంటే రొట్టె నానబెట్టి పెట్టు. రా అన్నదానికి ఉరకకు, అది ఊకెనే పాడుకుంటడు."

"నాకు తెల్వదా అత్తా! నువ్ పో, ఆటో పోతది."

తోటలో ఎండ నడినెత్తికెక్కింది. ఒడి నిండిన కాయల్ని గోనె మీద కుమ్మరించి వచ్చి గోరి మళ్లీ సాలు పట్టింది. పక్క సాలు ఆడమనిషి ఊరుకోలేదు.

"ముసలోనికి ఇప్పుడు పాటలు నేర్పవడితివా అక్కా? పెండ్లయిన కొత్తల నేర్పకపోతివి."

"అప్పుడు ఇనెటోడా? నన్ను చూస్తెనే బీడీ పట్టుకుని బయటికి పోయెటోడు."

అందరితో పాటు గోరీ నవ్వింది. కోతలు అయిపోగానే ఆయన్ను ఖమ్మం తీసుకెళ్లి మేడం ముందు కూర్చోబెట్టి నాలుగు మాటలూ అనిపించాలని, రాగం ఎలా తీసెయ్యాలో అడగాలని అనుకుంటూ మునివేళ్లతో కాయలు తుంచింది.

ఆటో దిగేసరికి చీకటి పడుతోంది. హేమలత పిల్లను చంకనేసుకుని వాకిట్లోనే ఎదురొచ్చింది.

"మామ ఇయ్యాల మస్తు పాడిండు అత్తా! బువ్వ తిన్నంక ఒక్కటే తీరు. నువ్ నేర్పని మాట గూడ పాడిండు."

"ఏం మాట?"

"నీ పేరే! గోరీ, గోరీ అని రాగం తీసుడు, నడుమ నడుమ రా, రా అనుడు. నేను పిల్లకు పాలిచ్చుకుంట ఒకటే నవ్వుడు. తర్వాత అలిసి పండుకున్నట్టుండు."

ఇన్నేళ్ల కాపురంలో దస్రు ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. కొత్తలో "ఏయ్" అనేవాడు, కోటేష్ పుట్టాక "పిలగాని తల్లీ" అనేవాడు. గోరికి ఈ వయసులో సిగ్గు ముంచుకొచ్చింది. ఇవాళ తువ్వాల అడ్డం లేకుండా చెయ్యి పట్టుకుందామని తొట్టి దగ్గర కూర్చుని, పెరుగూ బూడిదా కలిపి చేతులు తోముకుంది, తొందరేమీ లేనట్టు.

తలుపు తోస్తే మంచం ఖాళీగా ఉంది. దస్రు నేల మీద, మంచానికీ గడపకూ మధ్య, ఎడమ చెయ్యి గడప మీదున్న చెప్పు వైపు చాచి బోర్లా పడి ఉన్నాడు. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది.

గోరి ఆయన తలను ఒళ్లోకి తీసుకుంది. రాగం దానంతటదే వచ్చింది. నన్ను పిలిచినవట, నేను ఇనకపోతినట, ఇప్పుడొచ్చిన, ఇప్పుడు పిలువు అని గొంతు చీరుకుపోయేలా ఏడ్చింది. ఒక్కరూ రాలేదు. వీధిలో ఎవరో మేకను అదిలించుకుంటూ వెళ్లిపోయారు. గోడ అవతల నుంచి హేమలత గొంతు వినబడింది.

"అత్తా, ఇంత బువ్వ తిన్నంక నేర్పరాదు?"

ఆ మాటకు గోరి ఏడుపు ఆగిపోయింది. ఆయన తలను నెమ్మదిగా దించి లేచింది. ముందు కోడలి వాకిట్లో, తరవాత మోతీలాల్ ఇంటి ముందు, ఆ తరవాత ఒక్కో ఇంటి ముందూ నిలబడి, రాగం లేకుండా, కూలికి పిలిచే గొంతుతో చెప్పుకుంటూ పోయింది.

"దస్రు సచ్చిపోయిండు. నిజంగనే. రాండ్రి."

తండా అంతా వచ్చింది. మగవాళ్లు ఆయన్ను ఎత్తి వాకిట్లో పడుకోబెట్టారు. కోటేష్‌కు ఫోన్ వెళ్లింది. ఇల్లంతా తిరుగుతున్న అన్ని కాళ్ల నడుమ, ఆయన ఎడమకాలి చెప్పు ఒక్కటి మాత్రం గడప మీద, బయటికి ముఖం పెట్టి, అలాగే ఉంది.